వ్రాయని విద్యకు కావలి యెవరు?

మేము మేడ్చల్ ప్రాంతమున నొక ఉన్నత పాఠశాలలో చిరకాలము నుండి భాషలు బోధించుచున్నవారము. సంస్కృతము, ఆంగ్లము చదివినవారము గనుక అక్షరమునందు మాకు గల గౌరవము కొంచెము మితిమీరినదే. ఆ గౌరవము వలననే 2019 సంవత్సరాంతమున మా చేతిమీదుగా నొక తప్పు జరిగినది. ఇతరుల తప్పులను గూర్చి వ్రాయబూనినవారు తమ తప్పును మొదట చెప్పుకొనుట మర్యాద గావున దానితోనే మొదలు పెట్టుచున్నాము.

ఆ యేడు సెలవులలో మా విద్యార్థులకు నొక పని యిచ్చితిమి. మీ యిండ్లలో పెద్దలకు తెలిసిన చెట్లు చేమలు ఏవి, వానిని ఏ రోగమునకు వాడుదురు, అడిగి వ్రాసికొని రండు అంటిమి. పట్టణపు పిల్లలు అల్లమును తులసిని దాటి పోలేదు. కాని శామీర్‌పేట వైపు తండాల నుండియు, గొల్ల కురుమల యిండ్ల నుండియు వచ్చు పిల్లలు తెచ్చిన కాగితములను చూచి మేము నివ్వెఱపోతిమి. గొఱ్ఱెకు కడుపుబ్బినపుడు మేపు ఆకు, బాలింతకు పాలు పడుటకు పెట్టు గడ్డ, విఱిగిన యెముకకు వేయు పట్టు, ఇట్టివి ఎన్నియో వానిలో నుండెను. అన్నిటిని తిరిగి వ్రాయించి, బొమ్మలు వేయించి, ఎనుబది పుటల పుస్తకముగా కుట్టించితిమి. ఆ దినములలోనే ప్రతి స్థానిక సంస్థయు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును సిద్ధపఱుపవలెనని పైనుండి ఒత్తిడి వచ్చియుండెను. ఆ పని మీద తిరుగుచున్న యొక పెద్దమనిషి మా పుస్తకము సంగతి విని వచ్చి ప్రతి నడిగెను. మేము సంతోషముతో బజారునకు పోయి జెరాక్సు తీయించి యిచ్చితిమి. మా బడి పేరు ఎక్కడనో అచ్చుపడునను చిన్న ఆశయు లేకపోలేదు.

పది దినములు గడచిన పిమ్మట ఒక అవ్వ బడికి వచ్చెను. ఏడవ తరగతి చదువు తండా బాలికకు ఆమె నాయనమ్మ. ఎముకలకును చర్మరోగములకును మందిచ్చునని చుట్టుప్రక్కల ఆమెకు పేరు. ఆమె కోపించలేదు, అదియే మాకు ఎక్కువ కష్టముగా తోచినది. "పిల్ల నాతోటి గుట్టకు వచ్చి చూసింది సారూ, నేర్సుకున్నది గాదు. చూసింది రాసిచ్చింది. అది దానిది గాదు, ఇచ్చెటందుకు. మా అత్త నాకు ఇచ్చేటప్పుడు మూడు మాటలు తీసుకున్నది. మందుకు పైస తీసుకోవద్దు. చెట్టును వేరుతోటి పీకొద్దు. మాట ఇయ్యనోళ్లకు పేరు చెప్పొద్దు. మీరు ఎవ్వలకు చెప్పిండ్రు?" అని యడిగెను. మేము జెరాక్సు సంగతి చెప్పలేక చెప్పితిమి.

పేరు చెప్పిన మందు పనిచేయదను మాటను మేము తరగతిలో ఎన్నిమారులో ఎగతాళి చేసియున్నాము. అది మూఢనమ్మకమునకు మంచి యుదాహరణమని పిల్లలకు చెప్పియు నున్నాము. ఆ సాయంకాలము అవ్వ చెప్పిన మూడు మాటలను ఒక కాగితముపై వ్రాసికొని చూచితిమి. మొదటి మాట విద్యను అంగడి సరుకు కాకుండ ఆపుచున్నది. రెండవది చెట్టు నశింపకుండ కాచుచున్నది. మూడవది ఎవరికి, ఏ పూచీ మీద ఇవ్వవచ్చునో నిర్ణయించుచున్నది. ఈ మూటినే ఒక న్యాయవాది స్టాంపు కాగితముపై వ్రాసి, క్రింద రెండు సంతకములు చేయించినచో దానిని మనము గోప్యత నిబంధన గల ఒడంబడిక యని గౌరవింతుము. తండా అవ్వ నోట వచ్చినచో మూఢనమ్మక మందుము. పాఠకులారా, ఈ భేదము న్యాయమునకు సంబంధించినదా, కాగితమునకు సంబంధించినదా?

మేమున్న తావు సామాన్యమైనది కాదు. శామీర్‌పేటలో 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ మున్నది. అక్కడికి దాపుననే తుర్కపల్లి చుట్టును 1999 నుండి పెరిగిన జీనోమ్ వ్యాలీ యున్నది. కోవాగ్జిన్ టీకా పుట్టినది అచ్చటనే. మేడ్చల్ దారిలో కొంపల్లి ప్రక్కన దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థయు, ఇదే జిల్లాలోని బోడుప్పల్‌లో ఓషధీ సుగంధ మొక్కల కేంద్ర సంస్థకు చెందిన పరిశోధన కేంద్రమును గలవు. న్యాయము, ఔషధ నిర్మాణము, అడవి, మూలిక, నాలుగింటి విద్యయు ఒక్క దినములో తిరిగి రాదగిన దూరమున కొలువుదీరి యున్నది. ఇవి చేయు మేలును మేము కాదనము. ఇవి యెవరి విద్యనో దొంగిలించినవని చెప్పుటకు మాకు ఆధారమును లేదు, ఆ యుద్దేశమును లేదు. మా ప్రశ్న వేఱు. ఈ నాలుగింటి నడుమ అవ్వ యొక్క మూడు మాటలకు కూర్చుండ పీట యెక్కడ?

లేదని మా యభిప్రాయము. ఎందుకు లేదో చెప్పెదము.

మన దేశపు సంప్రదాయ విజ్ఞానమును కాపాడుకొంటి మనినపుడు ఎల్లరును మొదట పసుపు కథ చెప్పుదురు. గాయములు మాన్పుటకు పసుపును వాడు పద్ధతిపై 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రమునకు పేటెంటు లభించెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి పోరాడి 1997లో దానిని రద్దు చేయించెను. గర్వింపదగిన విజయమే. కాని గెలిచినది యేమి? ప్రాచీన సంస్కృత గ్రంథములు, 1953 నాటి యొక వైద్య పత్రికలోని వ్యాసము, ఇట్టి వ్రాతలు గెలిచినవి. మన యిండ్లలో నూఱుతరముల నుండి దెబ్బమీద పసుపు నద్దిన తల్లుల చేయి సాక్ష్యముగా నిలువలేదు. ఏలయన అమెరికా చట్టము అప్పటికి విదేశములలో అచ్చయిన దానినే పూర్వజ్ఞానముగా లెక్కించెడిది. అచట ప్రజలు వట్టిగా వాడుకొను దానిని లెక్కించెడిది కాదు. ఆ వివక్ష 2011లో వచ్చిన సవరణతో గాని తొలగలేదు. పసుపునకు పుస్తకమున్నది గనుక బ్రతికినది. పుస్తకము లేని ఆకు సంగతి యేమి?

ఆ విజయము తరువాత 2001లో మన ప్రభుత్వము సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయమును ఆరంభించినది. సంస్కృత, అరబ్బీ, పారసీక, ఉర్దూ, తమిళాది భాషలలోని వైద్య గ్రంథములను ఆంగ్లము, ఫ్రెంచి, జర్మను, స్పానిషు, జపానీ భాషలలోనికి మార్చి పేటెంటు కార్యాలయముల ముందుంచిరి. మంచి పని. సంస్కృతము చదివినవారము గనుక మాకు సంతోషము కలుగవలసినదే. కాని అది గ్రంథముల గూడు. లంబాడీ గోర్‌బోలీకి, కోయ, గోండి, కొలామీ భాషల నోటిమాటలకు అందు ఆసనము దొరకుట కష్టము.

అంతటితో ఆగియుండినను కొంత మేలు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము జీవవనరులను, తత్సంబంధ విజ్ఞానమును వాడుకొని లాభము పొందువారు ఆ లాభమున భాగమును స్థానికులకు పంచవలెనను సూత్రమును పెట్టినది. 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు, ఆ బాధ్యత విదేశీయులకే కాదు, స్వదేశీ ఔషధ సంస్థలకును కలదని స్పష్టముగా తీర్పు చెప్పినది. ఐదేండ్లు తిరుగక మునుపే, 2023లో, చట్టమునకు సవరణ వచ్చినది. గ్రంథస్థమైన సంప్రదాయ విజ్ఞానమును వాడువారికి పంపకపు బాధ్యత నుండి మినహాయింపు లభించినది. అనగా శాస్త్ర గ్రంథమున నున్న దానికి ఎవరికిని భాగమీయ నక్కఱలేదు. గ్రంథమున లేనిది ఎవరిదో నిరూపించుట కష్టము. రెండు వైపులను వాకిలి తెఱచియే యున్నది.

ఇచ్చట మా సంస్కృత విద్య మమ్ము ఊరకుండనీయదు. చరకసంహిత సూత్రస్థానము మొదటి యధ్యాయమునందే మేకల కాపరులు, గొఱ్ఱెల కాపరులు, గోపాలకులు, ఇతర వనవాసులు ఓషధుల పేర్లను రూపములను ఎఱిగినవారని చెప్పబడినది. పేరు రూపము తెలిసిన మాత్రమున చాలదు, ప్రయోగము తెలియవలెనని వెంటనే అనుట వాస్తవమే. కాని మూలమును గ్రంథకర్త దాచలేదు. నేటి చట్టము ఆ గ్రంథమును ప్రమాణముగా తీసికొని, ఆ గ్రంథము పేర్కొన్న కాపరిని మఱచినది. మేడ్చల్ సంతకు గొఱ్ఱెలను తోలుకొనిపోవు కురుమ యొక్క పూర్వుని పేరు చరకునిలో నున్నది. వాని వాటా మాత్రము 2023 సవరణలో లేదు.

ఇక సొమ్ము పంచుట యొకటే న్యాయమని తలచువారికి కాణీల కథ చెప్పవలెను. 1987లో కేరళమందలి అగస్త్య కొండలలో శాస్త్రజ్ఞులు తిరుగుచుండగా త్రోవ చూపుచున్న కాణీ యువకులు అలసట లేక నడచుటకు ఏవో కాయలు తినుచుండిరి. మొదట చెప్పనిచ్చగింపక, ఎంతో యడిగిన మీదట ఆ మొక్కను చూపిరి. అది ఆరోగ్యపచ్చ. దానినుండి జీవని యను మందు పుట్టినది. 1995లో దాని తయారీ హక్కును పది లక్షల రూపాయలకును, అమ్మకముపై నూటికి రెండు రూపాయల రాయల్టీకిని ఒక ఆయుర్వేద సంస్థ కిచ్చిరి. అందు సగము కాణీలకు చెందునట్లు ఏర్పాటు చేసి, 1997లో వారి పేర నొక ట్రస్టును పెట్టిరి. లోకమంతయు దీనిని ఆదర్శమని పొగడెను. ఆ శాస్త్రజ్ఞుల సద్బుద్ధిని మేమును మెచ్చుకొందుము. అడుగకుండ తీసికొనిపోవు లోకమున వారు సగము పంచి యిచ్చిరి. అయినను కాణీలలో వైద్యవిద్య ప్లాథీలను కులవైద్యులది. ఆ విద్యను ఇతరులకు చెప్పు అధికారము వారిది. తమ విద్యను ప్రైవేటు సంస్థ కమ్ముటను నిరసించుచు 1995లో కొందరు ప్లాథీలు ముఖ్యమంత్రికి లేఖ వ్రాసిరి. చూపినది త్రోవ చూపు యువకులు, అడుగవలసినది ప్లాథీలను. మా బడిలో వ్రాసి యిచ్చినది ఏడవ తరగతి బాలిక, అడుగవలసినది అవ్వను. కొండలు వేఱు, తప్పు ఒక్కటే.

కావున మేము వాదించునది డబ్బు కొఱకు కాదు. మన ప్రాంతమున డబ్బు వాటా యెంత యుండునో చూడుడు. తెలంగాణము ఏర్పడక మునుపే పాలమూరు జిల్లా అమరచింత నుండి సేకరించిన వేపాకును హైదరాబాదులోని యొక సంస్థ జపానుకు ఎగుమతి చేసెను. రెండు వేల కిలోలు. జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు 55,035 రూపాయల రాయల్టీ చేరెను. అందు 17,000 రూపాయలు అమరచింత జీవవైవిధ్య సంఘమునకు వేపమొక్కలు నాటుటకును, ప్రచారమునకును ఇయ్యబడెను. దేశములో ఇట్టి పంపకములలో మొదటి వానిగా దీనిని చెప్పుదురు. మంచి యారంభమే కావచ్చును. కాని ఆ సొమ్ముతో ఒక విద్య బ్రతుకునని యెవరును అనుకొనరు. విద్యను బ్రతికించునది దానిని పట్టియున్న కట్టుబాటు.

ఆ కట్టుబాటునే ఆచార శాసన మనుచున్నాము. ఇది మేము క్రొత్తగా కనిపెట్టినది కాదు. భద్రాచలపు మన్యములో కోయలు కొత్తల పండుగ చేయనిదే క్రొత్త పంటను నోట పెట్టరు. నల్లమల చెంచులు తేనెపట్టు కోయునపుడు తేనెయున్న భాగమును కోసి, పిల్లలున్న భాగమును ఈగలకే విడుతురు. 1943లో చెంచులను గూర్చి పుస్తకము ప్రకటించిన హైమెన్‌డార్ఫు, ఒక్కొక్క గుంపునకు తనదను అటవీ భాగము వాడుకలో నుండుటను గుర్తించెను. ఇవి శాసనములు కావనువారికి ఇంకొక మాట. 1868లో మధుర కలెక్టరు వ్యాజ్యమున లండను ప్రివీ కౌన్సిలువారే, హిందూ ధర్మశాస్త్రములో స్పష్టముగా రుజువైన ఆచారము వ్రాతమూలమును మించునని చెప్పిరి. దాయభాగమునకును దత్తతకును, అనగా ఆస్తిగలవారి తగవులకు, ఆచారము శాసన మయ్యెను. అవ్వ మూలికకు మాత్రము ఏల కాకూడదు?

స్వతంత్ర భారత చట్టములును ఈ మాటను కాదనలేదు. రాజ్యాంగము 13వ అధికరణములో శాసనబలము గల ఆచారమును శాసనముగానే లెక్కించినది. 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో పంచాయతీ చట్టములు ఆచార శాసనమునకు అనుగుణముగా నుండవలెననినది. సంప్రదాయములను కాపాడు అధికారము గ్రామసభ కిచ్చినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము జీవవైవిధ్యమునకు సంబంధించిన సంప్రదాయ విజ్ఞానముపై సముదాయమునకు హక్కు కలదని స్పష్టముగా వ్రాసినది. 2010లో నగోయాలో కుదిరిన ఒడంబడిక పండ్రెండవ అధికరణము, స్థానిక సముదాయముల ఆచార శాసనములను లెక్కలోనికి తీసికొనవలెనని దేశములను కోరుచున్నది. మన దేశము ఆ యొడంబడికను 2012 అక్టోబరులో, జీవవైవిధ్య సభ మన హైదరాబాదులోనే జరుగుచుండగా, ఆమోదించెను. ఆ సభ జరిగిన మందిరము నుండి మా అవ్వ తండాకు బస్సులో రెండు గంటల దారి. ఆ రెండు గంటల దారిని ఆ వాక్యము నేటికిని నడువలేదు.

ఏలయన మేడ్చల్ షెడ్యూల్డు ప్రాంతము కాదు. పెసా చట్టము ఇచట వర్తింపదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము ఐదువందల జనాభాకు మించిన తండాలకు పంచాయతీ హోదా నిచ్చినది, సంతోషమే. కాని పంచాయతీ యగుట వేఱు, తన ఆచారము శాసనమగుట వేఱు. జీవవైవిధ్య చట్టములో స్థానిక సంఘమును సంప్రదింపవలెనని యున్నది. సంప్రదింపు వేఱు, సమ్మతి వేఱు. పెండ్లికూతురును సంప్రదించి, ఆమె కాదన్నను తాళి కట్టించుటను మన పత్రికలు ఒప్పుకొనునా?

ఇచట సంస్కరణాభిమానులైన మా పాఠకులు మమ్ము నిలదీయుదురని యెఱుగుదుము. "అయ్యా, ఆచారముతో పోరాడుటయే కదా మన పని! వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము చేయించినది ఆచారమును ధిక్కరించి కాదా? జోగిని దురాచారమును 1988లో చట్టము చేసి నిషేధించవలసి వచ్చినది కాదా? ఇప్పుడు మీరు ఆచారమునకు పట్టము గట్టుమనుచున్నారే!" ఈ యాక్షేపణ బలమైనది. మేమును చాలకాలము ఇదే యాక్షేపణను పట్టుకొని యుంటిమి.

మాకు తోచిన జవాబు ఇది. ఆచారము ఎవరి చేతులను కట్టుచున్నదో చూడవలెను. వితంతువు తల గొరిగించిన ఆచారము చెప్పినవాని చేతిని కట్టలేదు, ఎదుటి యాడుదాని బ్రదుకును కట్టినది. జోగినిగా చేసిన ఆచారము పేద పిల్లను కట్టినది, పెత్తందారును విడిచినది. అవ్వ యాచారము మొట్టమొదట అవ్వ చేతినే కట్టుచున్నది: పైస తీసికొనవద్దు, వేరు పీకవద్దు. అట్టి దానికిని ఇట్టి దానికిని ఒక్క పేరుండుట భాషలోని లోపము. ఇంతకును ఆచార శాసనము రాజ్యాంగమునకు పైన నుండవలెనని మేమనుట లేదు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, గోండు స్త్రీ సంతానమునకు తాతగారి ఆస్తిలో సమభాగము కలదని తీర్పు చెప్పి, ఆచారము పేర ఆడువారిని త్రోసివేయుట చెల్లదనినది. అది సరియైన హద్దు. కుల పెద్దలను మగవారు నలుగురు కూర్చుండి మంత్రసాని విద్యకు యజమానులగుదు మన్నచో దానిని మేము మొదటి దినముననే ఎదిరింతుము.

ఇంకొక యాక్షేపణ: విద్య సర్వజనులది, దానికి తాళము వేయుట శాస్త్రమునకు ద్రోహము. వినుటకు బాగున్నది. కాని ప్రయోగశాలలో దానికి చిన్న మార్పు చేసి ఇరువది యేండ్ల పేటెంటు తీసికొనునపుడు ఈ సూత్రము ఎక్కడికి పోవును? అవ్వ వద్ద నున్నంతకాలము సర్వజనులది, కంపెనీ చేతికి వచ్చిన పిమ్మట వారి సొంతము! మన పేటెంటు చట్టములో సంప్రదాయ విజ్ఞానము పేటెంటుకు తగదను నియమ మున్నమాట నిజము. 2024 మే నెలలో జెనీవాలో కుదిరిన ఒడంబడిక, పేటెంటు కోరువారు వనరు ఎక్కడనుండి వచ్చినదో చెప్పవలెనను చున్నది. ఎక్కడ నుండి యని చెప్పుదురు. ఎవరి మాట మీద యని చెప్పనక్కఱలేదు.

మూడవదానికి ఒక్క ముక్కతో సరిపెట్టుదుము. నాటు మందుల వలన చచ్చినవారు లేరా యందురు. ఉన్నారు. కామెర్లకు పసరు త్రాగి ఆస్పత్రికి ఆలస్యముగా పోయినవారిని మేము చూచితిమి. అవ్వ విద్యకు కావలి యుండవలెననుట ఆమె ప్రతి మందును పనిచేయునని ధ్రువపఱచుట కాదు. ఆమెకు అవమానము జరుగకుండ ఆ పరీక్ష చేయుటకైనను ముందు ఆమె సమ్మతి కావలెను గదా.

మఱి చేయవలసిన దేమి? 2019 ఆగస్టులో జాతీయ హరిత న్యాయస్థానము, 2020 జనవరి 31 లోపల దేశమంతట జీవవైవిధ్య సంఘములను, రిజిస్టరులను పూర్తిచేయవలెననియు, లేనిచో రాష్ట్రములు నెలకు 10 లక్షల రూపాయలు కట్టవలెననియు ఆజ్ఞాపించినది. ఉద్దేశము మంచిదే, పదునేడేండ్లుగా నిదురించిన చట్టమును లేపుటకు కొరడా కావలసి వచ్చినది. కాని తొందరలో వ్రాసిన రిజిస్టరు ఎట్టిదో మా పుస్తకమును బట్టి ఊహింపవచ్చును. ఇంటి తలుపు తాళము ఎక్కడ నున్నదో వ్రాసి గోడకు తగిలించి, దానికి ఇంటి రక్షణ యని పేరు పెట్టినట్లు! పెరూ దేశమువారు 2002లో ఆదివాసుల సామూహిక విజ్ఞానమునకు చట్టము చేయునపుడు బహిరంగ రిజిస్టరుతో పాటు రహస్య రిజిస్టరును గూడ పెట్టిరి. ఆ దేశమునందే కుస్కో వద్ద క్వెచువా గ్రామములవారు తమ ఆచార సూత్రములను ఆధారముగా చేసికొని, తమ పొలముల నుండి సేకరింపబడిన బంగాళాదుంప రకములను తిరిగి తమకిచ్చునట్లు 2004లో అంతర్జాతీయ బంగాళాదుంప పరిశోధన కేంద్రముతో ఒడంబడిక చేసికొనిరి. వారికి చేతనైనది మనకు చేతకాదా?

మా సూచన యొకటి. అది మీకు విపరీతముగా తోచవచ్చును. మందును వ్రాయవలదు. మాటను వ్రాయుడు. ఏ ఆకు ఏ రోగమునకు పనికివచ్చునో గాక, ఆ విద్యను ఎవరు ఎవరికి ఏ షరతుపై ఇవ్వవచ్చునో తండా తండాకు, గూడెము గూడెమునకు వెళ్లి, వారి సభలో వారి నోటనే విని వ్రాయవలెను. ఆడువారిని వేఱుగా నడిగి వ్రాయవలెను. ఆ కాగితము ఆ యూరనే యుండవలెను. దాని ప్రతి జీవవైవిధ్య మండలి యొద్ద నుండవలెను. ప్రయోగశాలకు మూలిక కావలసినచో మొదట ఆ కాగితము చదివి, అందులో చెప్పినవారి ముందుకు పోయి అడుగవలెను. వారు కాదన్నచో అది కాదనియే. 2013లో నియమగిరిపై పండ్రెండు గ్రామసభలు గనిని కాదన్నపుడు సుప్రీంకోర్టు ఏర్పఱచిన ఆ పద్ధతి వలన దేశము మునిగిపోలేదు. ఈ వ్రాత పనికి శామీర్‌పేటలో న్యాయము చదువు బాలబాలికల కంటె తగినవారు ఎవరున్నారు? వారి కళాశాల గోడ దాటిన గంటలోపు తండా వచ్చును. రాష్ట్రము తలచిన జీవవైవిధ్య చట్టము క్రింద నియమములు చేసి, షెడ్యూల్డు ప్రాంతము కాని తండాలకును ఈ సమ్మతి హక్కును కల్పింపవచ్చును.

తొందరయు కలదు. అవ్వ ఆకు కోయు గుట్టకు ఒక ప్రక్క ప్లాట్ల రాళ్లు పాతిరి. ఆమె మనుమడు తుర్కపల్లి వైపు ఒక కర్మాగారమున పెట్టెలు మోయుచున్నాడు; మూడు మాటలిచ్చి విద్య తీసికొనుటకు అతనికి తీరిక లేదు. ఆచారము విద్యను కాచునుగాని, తీసికొనువాడు లేనిచో ఆచారమే దానిని ఆమెతో కూడ పూడ్చివేయును. దీనికి మా యొద్ద సులభమైన జవాబు లేదు. మనుమరాలు మాత్రము ఇప్పుడు ఇంటరు చదువుచున్నది. మొన్న కనబడి, నాయనమ్మ తనను మాట అడిగినదనియు, తాను ఇంకను ఇయ్యలేదనియు చెప్పెను. ఎందుకమ్మా యని యడుగగా, "పైస తీసుకోవద్దన్న మాట ఇయ్యాలంటే ఆలోచించాలె గద సార్" అనెను. ఆ పిల్ల నిజాయితీకి మేము సంతోషించితిమి.

మా పుస్తకమును ఆ యేడే విప్పి, ఏ యింటి పుటలు ఆ యింటికి పంపివేసితిమి. అవ్వ పుటలు మూడు. వానిని మేమే తీసికొనిపోయి యామె చేతి కిచ్చితిమి. ఆమె చదువనేరదు గనుక మనుమరాలితో చదివించుకొని, తప్పు వ్రాసిన చోట నవ్వి, మడిచి బియ్యపు డబ్బాలో పెట్టెను. జెరాక్సు ప్రతి కొఱకు ఆ పెద్దమనిషికి మూడుమారులు ఫోను చేసితిమి. అది పై కార్యాలయమునకు పోయినదనిరి. ఏ కార్యాలయమో నేటివఱకు తెలియలేదు.